మైలపడ్డ జాడీలు

అక్క పోయిందన్న కబురు వచ్చేసరికి నేను గుంటూరులో మా డాబా మీద కందిపప్పు ఎండబోస్తున్నాను. ఫోన్ చేసింది వాళ్ల కోడలు. "చిన్నత్తయ్యా, అత్తయ్య లేవట్లేదు. డాక్టరొచ్చి చెయ్యి పట్టుకు చూసి, వదిలేసి వెళ్లిపోయాడు" అంది. ఆ తర్వాత అంతా ఏడుపే. నేను పప్పు చేటలోకి ఎత్తి, డబ్బాలో పోసి, మూత బిగించి, అప్పుడు కిందికి దిగి మా ఆయనకి చెప్పాను. ఇది చదివి నన్ను రాతిగుండె మనిషినని అనుకుంటారేమో. ఎండలో పప్పు వదిలేసి పరిగెత్తి ఉంటే ముందు తిట్టేది అక్కే.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మా ఆయన అన్నగారి భార్య, నా తోడికోడలు. ప్రత్తిపాడు దగ్గర పల్లెలో పత్తీ మిరపా వేసే ఇంటికి ఆమె నాకంటే చాలా ముందు కోడలిగా వచ్చింది. నేను వచ్చేనాటికే ఆ వంటిల్లు ఆమెది. గుండె జబ్బుతో ఏడాదిగా మంచాన పడీ లేచీ గడిపి, మొన్న జ్యేష్ఠంలో, వడగాలులు ఇంకా తగ్గకముందే వెళ్లిపోయింది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. అక్క గురించి రాయడానికి నా దగ్గర మంచి తప్ప ఏమీ లేదు. ఇందులో మీకు చేదు తగిలితే అది ఆమెది కాదు, మిగిలిన మాది.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆ ఇంట్లో కూడా అందరిళ్లలో ఉన్నట్టే రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలుండేవి. పురుగుమందు డబ్బాలు కూడా ఉండేవి. మా వైపు పత్తి చేలున్న ఇళ్లలో అదేమీ వింత కాదు. మందు కొట్టడం అయిపోయాక, పిడి ఉన్న ఆ తెల్ల డబ్బాని బూడిదతో తోమి, సోడాతో కడిగి, ఎండలో బోర్లించి, కిరసనాయిలుకో దొడ్లో నీళ్లకో వాడుకునేవాళ్లు. గట్టి డబ్బా, పారెయ్యడానికి ఎవరికీ చేతులొచ్చేవి కావు. ఒక ఏడు పత్తి తీతలప్పుడు బావగారు అలా కడిగిన డబ్బాలోనే చేలోకి మజ్జిగ పట్టుకెళ్లారు. ముందు తాగింది అక్క. మధ్యాహ్నానికి నోట్లోంచి చొంగ, వాంతులు, ఒళ్లంతా చెమటలు. గుంటూరు తీసుకొచ్చి ఆస్పత్రిలో పడేస్తే దక్కింది.

ఇంటికి తిరిగొచ్చిన మర్నాడే, ఇంకా గోడ పట్టుకుని నడుస్తున్న మనిషి, వంటింట్లో ఉన్న ప్లాస్టిక్ అంతా తెచ్చి వాకిట్లో కుప్ప పోసింది. బావగారికి ఒళ్లు మండింది.

"ఇయ్యన్నీ మందు డబ్బాలేనా? పంచదార డబ్బా ఏం చేసిందే నిన్ను?"

"అదేం చెయ్యలేదు. కానీ ఏది మందుదో ఏది కాదో రెండేళ్లు పోతే మీకు గుర్తుండదు."

"మూడుసార్లు కడిగానే నేను!"

"కడిగితే వాసన పోయింది. మందు పోయిందో లేదో మీ ముక్కుకెట్టా తెలుద్ది?"

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని చేలోకి వెళ్లిపోయారు. తప్పు తనదని మాత్రం ఒప్పుకోలేదు. తప్పు ఒప్పుకోని మగవాళ్లతో ఎలా కాపురం చెయ్యాలో అక్కని చూసే నేర్చుకున్నాను. ఆమె మళ్లీ ఆ మజ్జిగ మాట ఎత్తలేదు. వంటింట్లోకి మాత్రం ప్లాస్టిక్ రానివ్వలేదు. పంచదార డబ్బాకీ మందు డబ్బాకీ తేడా తెలియక కాదు. ఒక్కదాన్ని రానిస్తే దాని వెనకాలే రెండోది వస్తుందని ఆమెకి తెలుసు.

ఖాళీ అయిన అరల్లో ఆమె ఏది పడితే అది పెట్టలేదు. నేను లెక్క మనిషిని, ఒకేసారి అన్నీ కొని పడేస్తే ఓ పని అయిపోతుంది అనేదాన్ని. "నచ్చినవి అన్నీ ఒక్కరోజే దొరుకుతాయా?" అనేది. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే చేర్చింది. మన్నితే చాలదు, చూడ్డానికి బాగుండాలి కూడా. "వంటింట్లో మనం రోజంతా చూసేది గోడనే కదే. ఆ గోడ నన్ను చూసి నవ్వాలి" అనేది.

మేం గుంటూరులో వేరు కాపురం పెట్టాక, ఇక్కడికి వచ్చినప్పుడల్లా నన్ను వెంటేసుకుని పాతబజారులో ఒక సాయిబుగారి కొట్టుకి వెళ్లేది. గోధుమరంగు మెడా తెల్లటి ఒళ్లూ ఉన్న పింగాణీ జాడీలు గడ్డిలో వరసగా పేర్చి ఉండేవి. అక్క ఒక్కో జాడీని వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. ఖంగుమంటే పక్కన పెట్టేది, మొద్దుగా మోగితే వెనక్కి నెట్టేసేది. లోపలికి చెయ్యి పెట్టి అడుగంతా తడిమేది. మూత పెట్టి తిప్పి చూసేది.

"అమ్మా, జాడీ కొంటున్నారా, పెళ్లికూతుర్ని చూస్తున్నారా?" అన్నాడు ఒకసారి ఆ కొట్టాయన.

"పెళ్లికూతురైతే ఇంత చూడక్కర్లేదు భాయ్, నెల్లాళ్లలో గుణం తెలిసిపోద్ది. దీని గుణం ఏడాదికి గానీ తెలీదు."

"నా జాడీలకి వంక పెట్టమాకండమ్మా. మా నాయన కాలం నుంచీ అమ్ముతున్నా."

"పోయినేడు ఇచ్చిందానికి బయట ఉప్పు పూసింది. మీ నాయన చూస్తే నిన్ను కొట్టుండేవాడు."

ఆయన పగలబడి నవ్వి, ఆ పాత జాడీ తెస్తే మార్చి ఇస్తానన్నాడు. అక్క మరుసటి వారమే, ప్రత్తిపాడు నుంచి బస్సులో, దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. పూత సరిగ్గా లేని జాడీలో ఊరగాయ వేస్తే ఉప్పు లోపల్నుంచి ఊరి బయట తెల్లగా పొడిలా కనిపిస్తుంది. అందుకే కొత్త జాడీ ఏదైనా ముందు నిండా ఉప్పునీళ్లు పోసి పొడినేల మీద పెట్టి చూసేది. మీలో ఎవరైనా ఈసారి జాడీ కొంటే ఆ పని చెయ్యండి.

ఏది దేంట్లో ఉండాలో ఆమెకి ఖాయంగా తెలుసు. చింతపండూ ఉప్పూ లోహానికి తగలకూడదు, జాడీలోనే ఉండాలి. పప్పులు గాజు సీసాల్లో, అదీ కిటికీ ఎండ తగలని వైపు. పెసలు పచ్చగా, మినుములు నల్లగా, కందిపప్పు పసుపుగా, ఎర్రకందిపప్పు ఇటికరాయి రంగులో, ఆ అర చూస్తే ఎవరో కూర్చుని రంగులు దిద్దినట్టుండేది. నూనె స్టీలు క్యానులో. పెరుగు మట్టి ముంతలో. ఆకుకూరలు తడిపి పిండిన నూలుగుడ్డలో చుట్టి వెదురుబుట్టలో. ఆ బుట్టలకి నానబెట్టిన మెంతుల ముద్దా కాగితం గుజ్జూ కలిపి తనే మెత్తేది. ఎండాక లోపల గోడలా నున్నగా ఉండేది.

జాడీల మూతుల మీద కట్టే గుడ్డని మేము వాసెన అంటాం. అందరూ ఏ పాత చీర పీలికో కడతారు. అక్క బావగారి పాత పంచెలు చదరంగా కత్తిరించి, అంచు కుట్టి, ప్రతిదాని మధ్యలో దారంతో చిన్న బొమ్మ కుట్టేది. కారం జాడీకి మిరపకాయ, ఆవకాయకి మామిడికాయ, చింతపండుకి ఒంకర తిరిగిన కాయ, ఉప్పుకి ఏం కుట్టాలో తెలియక ఒక చుక్క. "చదువుకున్నదానివి, పేర్లు రాయరాదూ?" అని మా అత్తగారు బతికున్న రోజుల్లో అనేది. "మీకు చదవడం రాదుగా అత్తయ్యా. వంట మీరు కూడా చెయ్యాలి మరి" అంది అక్క. ఆవిడ మురిసిపోయిందో, కోడలు పని చెప్పిందని అలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

బయటివాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఇంట్లోవాళ్లు వెటకారం చేసేవాళ్లు. మా మామగారి అక్క ఒకావిడ ఉంది, నాకు పెద్దమ్మ వరస. ఆ ఇంట్లో పెళ్లికైనా చావుకైనా ఆవిడ మాటే మాట. "మీ అక్క వంటింట్లోకెళ్లాలంటే టిక్కెట్టు కొనాల్సొచ్చేట్టుందే" అనేది నాతో, అక్క వినేలా. బావగారేమో ప్రతి సీజనుకీ ఎరువుల కొట్టువాళ్లు పంచే నీలంరంగు ప్లాస్టిక్ డబ్బాల సెట్టు తెచ్చేవారు. మూత మీద కొట్టు పేరు, పక్కన ఏదో పురుగుమందు బొమ్మ. "ఊరికే వచ్చినవే" అనేవారు గర్వంగా. అక్క వాటిని మంచి మాటతోనే తీసుకుని, సంచీలోంచి కూడా తియ్యకుండా అటక మీద పెట్టేది.

కోడలొచ్చాక కొంచెం గొడవ జరిగింది. ఆ పిల్లని నేను తప్పు పట్టను. జాడీలు బరువు. ఆవకాయ జాడీ దించబోయి నడుం పట్టేసి రెండ్రోజులు లేవలేదు. "డబ్బా అయితే ఒక చేత్తో తీస్తాను కదా అత్తయ్యా" అని ఏడ్చింది. అక్క వాదించలేదు. పెద్ద జాడీలు నేల మీదికి మార్చి, రోజువారీ వాడకానికి చేతిలో ఇమిడే చిన్న జాడీలు వెతికి తెచ్చింది, ఒక్కోదానికి ఒక్కో రంగు మూత. అవి చూశాక ఆ పిల్ల ముఖం విచ్చుకుంది. ఫోటో తీసి వాళ్లమ్మకి పంపింది. "బాగున్నదాన్ని చూపిస్తే చాలు, వద్దన్నవాళ్లు కూడా చెయ్యి చాస్తారు. తిడితే ఎవరూ మారరు" అంది అక్క ఆ రోజు నాతో. నాకు తిట్టడం అలవాటు. అందుకే ఆ మాట గుర్తుండిపోయింది.

ఈ ఎండాకాలం వచ్చేసరికి ఆమె ఏమీ ఎత్తలేకపోయింది. వసారాలో మంచం వేయించుకుని అక్కణ్నుంచే చెప్పేది, నేనూ కోడలూ చేసేవాళ్లం. తొడిమలు తీసిన మిరపకాయలు ఎండబెట్టి, ఆడించి, ఉప్పూ కాస్త ఆముదమూ పట్టించి, పెద్ద జాడీలో గాలి లేకుండా అదిమి, పైన ఇంగువ ముక్క పెట్టి, వాసెన కట్టాం. తర్వాత ఆవకాయ, పండుమిరపకాయ గోంగూర. అంతా అయ్యాక ఆ జాడీలన్నిటినీ కంటికి ఎదురుగా పెట్టించుకుని చాలాసేపు చూసింది.

"వచ్చే ఎండాకాలం దాకా ఈ ఇంట్లో కారానికి లోటు లేదు" అంది. తర్వాత కోడల్ని పిలిచి, "అమ్మాయ్, నగలూ చీరలూ నీ ఇష్టం. నాకు ఒక్కటే కోరిక. ఈ జాడీలు ఈ ఇంట్లోనే ఉండనీ. నీకు చేతకాకపోతే మీ చిన్నత్తయ్యకి ఇయ్యి. అంతేగానీ అటక మీదవి దించమాకు" అంది. కోడలు తలూపింది. నేనూ విన్నాను. బావగారు అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయనా విన్నారు.

అంత్యక్రియలు అయ్యాయి. వాకిట్లో షామియానా వేశారు. వచ్చినవాళ్లంతా అక్క చేతి గోంగూర రుచి గురించి చెప్పుకున్నారు. "ఆ చెయ్యి మళ్లీ పుట్టదు" అని ఎవరో అంటే బావగారు కండువాతో కళ్లొత్తుకున్నారు. పెద్దకర్మకి ముందు ఇల్లు కడగాల్సిన రోజు పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి పనులు పురమాయించింది.

"ఇత్తడీ స్టీలూ చింతపండేసి తోమండి. నీళ్లు పారబొయ్యండి. మట్టియ్యన్నీ బయట పారెయ్యండి, మైలపడ్డాయి."

పెరుగు ముంత పోతుందని నాకు తెలుసు. కూలికొచ్చిన మనిషి జాడీ మీద చెయ్యి వేసేసరికి జాడీలూ పోతున్నాయని అర్థమైంది.

"పెద్దమ్మా, జాడీలు మట్టివి కావు. పింగాణీ" అన్నాను.

"పింగాణీ ఏ చెట్టున కాసిందే? మట్టి కాల్చిందేగా అది కూడా."

"మా పుట్టింట్లో మా నాయనమ్మ పోయినప్పుడు ఊరగాయలు పారబొయ్యలేదు."

"మీ పుట్టింటి పద్ధతులు మీ పుట్టింట్లో పెట్టుకో."

"పోనీ నేను తీసుకెళ్తాను. నేనూ మైలలో ఉన్న మనిషినేగా."

"మైల తీరినాక నువ్వు శుద్ధవుతావు, అదవ్వదు. తీసుకుపోయి ఇంకో కొంపలో పెడతావా?"

"అక్క నోటితో చెప్పింది పెద్దమ్మా, ఉంచమని."

"పోయేవాళ్లు లక్ష చెప్తారు. ఉండేవాళ్లు చల్లగా ఉండాలా వద్దా?"

కోడలి వంక చూశాను. ఆ పిల్ల తన పసివాణ్ని చంకనెత్తుకుని నేల చూస్తోంది. బయటికొచ్చి బావగారిని అడిగాను. "మీరూ విన్నారు కదండీ, అక్క ఏమందో" అన్నాను. ఆయన షామియానా కింద పేపరు మడత పెట్టి, నా ముఖం చూడకుండా, "పెద్దావిడ చెప్పిందిగా. కానియ్యండమ్మా" అన్నారు. మా ఆయన నన్ను పక్కకి పిలిచి, "చావింట్లో గొడవెందుకు, ఊరుకో" అన్నాడు. మందు డబ్బా మూడుసార్లు కడిగితే విషం పోతుందని నమ్మిన ఇంట్లో, ఏడాదంతా ఆ మనిషి అన్నం పెట్టిన జాడీకి మాత్రం ఎన్నిసార్లు కడిగినా మైల పోదట.

కూలికొచ్చిన ఆమె జాడీ ఎత్తుకుంటూ, "అంత మంచి పచ్చడి దిబ్బలో ఎందుకమ్మా, నాకియ్యరాదూ? మేం తింటాం" అని అడిగింది. "మైలది దానం చేస్తే మాకు చుట్టుకుంటది" అంది పెద్దమ్మ. ఆ మనిషికి చుట్టుకుంటుందేమోనన్న బెంగ ఆవిడకి లేదు. ఎవరూ మళ్లీ ఏరుకోకుండా జాడీలు పగలగొట్టమని కూడా చెప్పింది. ఆవకాయ జాడీ మొదటి దెబ్బకి పగల్లేదు. రెండో దెబ్బకి మెడ విరిగింది. వాసెన గుడ్డలు ముడులు విప్పే ఓపిక లేక కత్తిపీటతో కోశారు.

అటక మీంచి నీలం డబ్బాల సంచీ దించింది ఎవరో కాదు, బావగారే.

"మరి వీటికి మైల లేదా పెద్దమ్మా?" అని అడిగాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది.

"ప్లాస్టిక్కుకి మైలేంటే? నీళ్లు పోస్తే పోద్ది."

కోడలు వాటిని కుళాయి దగ్గర కడిగి, దొడ్డి గోడ మీద వరసగా బోర్లించింది. ఆ సమయానికే కూలిమనిషి పెద్ద జాడీ మోసుకెళ్లి, గోడవతల దిబ్బ మీద కారం గుమ్మరించింది. ఏడాది కారం. అదిమి పెట్టినది కాబట్టి ముందు ముద్దలుగా పడింది. ఆమె కర్రతో చెదరగొట్టింది. పడమటి గాలి సరిగ్గా అప్పుడే లేచింది.

ఘాటు ముందు దొడ్లోకి, అక్కణ్నుంచి వంటింట్లోకి, వసారాలోకి, షామియానాలోకి వచ్చింది. పెద్దమ్మ దగ్గుతూ అరుగు మీద కూలబడింది. మా ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. పసివాడు కేరుమన్నాడు. బావగారు కుర్చీలోంచి లేవలేక, రెండు చేతులతో కళ్లు మూసుకుని, ముక్కూ కళ్లూ కారుతుంటే ఊపిరాడక వంగిపోయారు. ఇన్ని రోజుల్లో ఆ ఇంట్లోవాళ్లందరూ ఒకేసారి కన్నీళ్లు పెట్టుకోవడం నేను అప్పుడే చూశాను. నేను కళ్లు తుడుచుకోలేదు.

గాలి కాస్త తెరిపిచ్చాక కోడలు పసివాణ్ని నాకిచ్చి దొడ్లోకి వెళ్లింది. గోడ మీద బోర్లించిన నీలం డబ్బాలు ఇంకా తడిగానే ఉన్నాయి. వాటిమీద కారం పొరలా పడి అంటుకుపోయింది. ఆ పిల్ల కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, తడిగుడ్డతో ఒక డబ్బా తుడవడం మొదలుపెట్టింది. తుడిచినకొద్దీ ఆ ఎరుపు పోవడం లేదు, పాకుతోంది.